పదమూలాలతో ఆంగ్లం – తొమ్మిదవ పాఠం: మనసొప్పనప్పుడు పలికే మాటలు

గత పాఠంలో ఇష్టాన్నీ ఉత్సాహాన్నీ తెలిపే మాటలు చూశాము. చివర అడిగిన ప్రశ్నకు ముందుగా సమాధానం చెప్పుకుందాం. ‘ఈగర్’ అన్న మాటకూ ‘వినెగర్’ అన్న మాటకూ చుట్టరికం ఉందా అని అడిగాను. ఉంది. లాటిన్‌లో ‘ఆకెర్’ అంటే పదునైనది. అది ఫ్రెంచిలోకి వచ్చి ‘ఎగ్ర్’ అయి, నాలుకను కొరికే పులుపుకు పేరయింది. పులిసిన ద్రాక్షసారాను ‘విన్ ఎగ్ర్’ అన్నారు, అదే మన వంటింటి వినెగర్. అదే పదును కోరికకు చేరితే ‘ఈగర్’ అయింది. సమాధానం రాసినవారు పులుపు దగ్గర ఆగిపోయి ఉంటే, పదును దాకా వెళ్లి మరోసారి చూసుకోండి.

ఈ పాఠంలో దానికి ఎదురు దిక్కున నడుస్తాము. ఒక పని చేయడానికి మనసు ఒప్పనప్పుడు ఆంగ్లంలో ఏయే మాటలు వాడతారో, వాటి పుట్టుక ఏమిటో, వాటిలో దేన్ని ఎక్కడ వాడాలో చూద్దాం. ఆంగ్ల–తెలుగు నిఘంటువు తెరిచి రిలక్టంట్, అవర్స్ (averse), లోథ్, డిసిన్‌క్లైన్డ్, హెజిటంట్ అన్న ఐదింటినీ వెతికి చూడండి. ‘ఇష్టం లేని’, ‘అయిష్టమైన’, ‘విముఖుడైన’ అన్న రెండు మూడు అర్థాలే అటూ ఇటూ మారి కనిపిస్తాయి. విద్యార్థి వాటిని నమ్మి, ఐదూ ఒకటేనని తలచి, చేతికి ముందు అందిన దాన్ని వాక్యంలో పెడతాడు. తప్పు అక్కడే జరుగుతుంది. నా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి, ఇంట్లో పెద్దవారికి ఒంట్లో బాగాలేక, బదిలీ మీద వేరే ఊరు వెళ్లడం ప్రస్తుతానికి కష్టమని తన పై అధికారికి ఉత్తరం రాస్తూ ‘అవర్స్’ అన్న మాట వాడింది. ఆ ఊరన్నా ఆ పనన్నా ఆమెకు గిట్టదన్నట్టుగా అధికారి చదువుకున్నారు. ఆమె చెప్పదలచినది అది కాదు. ఆమెకు కావలసిన మాట ‘రిలక్టంట్’.

ఇలాంటి పొరపాటు జరగకుండా ఉండడానికి నేను తరగతిలో చెప్పే పద్ధతి ఒకటే. ఈ మాటల్లో ప్రతిదాని అడుగునా ఒక శరీరం ఉంటుంది. అది పెనుగులాడుతూ ఉండవచ్చు, ముఖం తిప్పుకొని ఉండవచ్చు, కాలు ఇరుక్కుని నిలబడి ఉండవచ్చు, వెనక్కి తన్నుతూ ఉండవచ్చు. ఆ శరీరం ఏం చేస్తున్నదో తెలుసుకుంటే మాటను ఎక్కడ వాడాలో దానంతట అదే తెలుస్తుంది. తెలుగువారికి ఇది కష్టం కాదు, ఎందుకంటే మన మాటల్లోనూ ఇవే భంగిమలు ఉన్నాయి.

మొదట ‘రిలక్టంట్’. లాటిన్‌లో ‘లుక్తారి’ అంటే కుస్తీ పట్టడం, ‘రె’ అంటే ఎదురుగా లేదా వెనక్కి. రెండూ కలిసిన ‘రెలుక్తారి’కి అర్థం ఎదురు తిరిగి పెనుగులాడడం. ఈ మాట ఆంగ్లంలోకి వచ్చిన తొలి రోజుల్లో శరీరపు పెనుగులాటనే చెప్పేది. 1667లో వెలువడిన మిల్టన్ మహాకావ్యం ‘పారడైజ్ లాస్ట్’ పదవ భాగంలో సైతాను పాముగా మారిపోతూ నేల మీద పడే ఘట్టం ఉంది. అక్కడ కవి ఈ మాటనే వాడాడు, కాని ఇష్టం లేకపోవడమన్న నేటి పలుచని అర్థంలో కాదు. మారిపోతున్న ఒంటితో గింజుకుంటున్నాడన్న అర్థంలో వాడాడు. తర్వాతి కాలంలో ఆ కుస్తీ బయటి నుంచి మనసులోకి జరిగింది. దీని చుట్టం ‘ఇనెలక్టబుల్’ అన్న మాట. ఎంత పెనుగులాడినా తప్పించుకోలేనిది అని దాని అర్థం, మనం విధి గురించి చెప్పేటప్పుడు ‘అనివార్యం’ అంటామే, అది. విద్యుత్తు చదువుకున్నవారికి ‘రిలక్టెన్స్’ తెలిసే ఉంటుంది. అయస్కాంత అభివాహానికి, అంటే అయస్కాంత బలరేఖల ప్రవాహానికి, ఒక పదార్థం చూపే అడ్డును ఆ పేరుతో పిలిచినవాడు ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఆలివర్ హెవిసైడ్, 1888లో. ఇనుము అంతగా పెనుగులాడదు, గాలి బాగా పెనుగులాడుతుంది. అయినా అభివాహం గాలిలో నుంచి కూడా పోతుంది. ‘రిలక్టంట్’ అర్థం పట్టుకోవడానికి ఇంతకన్నా మంచి పోలిక నాకు దొరకలేదు.

ఎందుకంటే ఈ మాటలో రెండు బలాలు ఉంటాయి, ఒకటి వద్దంటుంది, ఇంకొకటి చేయక తప్పదంటుంది, చివరికి చాలాసార్లు పని జరిగే తీరుతుంది. రిజిస్ట్రారు కార్యాలయంలో పొలం అమ్మకపు దస్తావేజు ముందు కూర్చున్న ఒక పెద్దాయనను ఊహించుకోండి. సర్వే నంబరు ఇంకోసారి చదవమంటారు. హద్దులు చదువుతుంటే తూర్పున ఎవరి చేను ఉందో వినగానే తల ఎత్తుతారు. కలం తీసుకొని, కళ్లజోడు తుడుచుకుంటారు, కలం కింద పెడతారు, మళ్లీ తీసుకుంటారు. బయట కొడుకు ఎదురుచూస్తున్నాడు, అమ్మాయి పెళ్లికి ముహూర్తం దగ్గర పడింది. సంతకం పెడతారు. ఆయన ‘రిలక్టంట్ సెల్లర్’. అమ్మడానికి ఒప్పుకోనివాడు కాదు, అమ్ముతూ లోపల కుస్తీ పడినవాడు. సాక్ష్యం చెప్పడానికి వెనుకాడి చివరికి బోనెక్కినవాడు ‘రిలక్టంట్ విట్‌నెస్’. పూర్తిగా నిరాకరించినవాడి గురించి ఈ మాట వాడితే వాక్యం చప్పబడిపోతుంది, అక్కడ ‘రెఫ్యూజ్డ్’ అనాలి. దీని వెనుక ‘టు’ చేర్చి క్రియ మూలరూపం రాయండి: ‘హి వాజ్ రిలక్టంట్ టు సైన్’. మన మాటల్లో దీనికి దగ్గరివి ‘మనసొప్పక’, ‘మనసు రాక’ అన్నవి. ‘మనసు రాక మనసు రాక సంతకం పెట్టాడు’ అని మనం రెండుసార్లు అంటాము చూడండి, ఆ రెండోసారి అనడంలోనే పెనుగులాట ఉంది.

రెండోది ‘అవర్స్’. లాటిన్‌లో ‘వెర్తెరె’ అంటే తిరగడం, ‘ఆ’ అంటే దూరంగా. అవతలికి తిరిగినవాడు ‘అవర్స్’. ఇక్కడ నేను కాసేపు ఆగదలచుకున్నాను, ఎందుకంటే మన భాషలో ఈ బొమ్మ అచ్చంగా ఉంది. ‘విముఖుడు’ అంటే ముఖం అటు తిప్పినవాడు, ‘పరాఙ్ముఖుడు’ అన్నా అంతే. సంస్కృతం వద్దనుకుంటే ‘పెడమొహం పెట్టాడు’ అంటాము. బొమ్మ మాత్రమే కాదు, ధాతువు కూడా ఒకటే. లాటిన్ ‘వెర్తెరె’, సంస్కృతంలోని ‘వృత్’ ధాతువు ఒకే మూలం నుంచి వచ్చినవని భాషా శాస్త్రజ్ఞులు నిర్ధారించారు. ఆవర్తనం, పరివర్తన, ప్రవృత్తి, నివృత్తి అన్నీ ఆ ‘వృత్’ నుంచే వచ్చాయి. నివృత్తి అంటే వెనక్కి మరలడం. ‘అవర్స్’ నుంచి వచ్చిన ‘ఎవర్షన్’ అన్న ఆంగ్ల నామవాచకం దానికి దూరపు దాయాది.

కనుక ‘అవర్స్’ అన్నది క్షణకాలపు తటపటాయింపు కాదు, స్వభావం. ముఖం అటు తిరిగే ఉంది, ఇటు తిప్పడం తేలిక కాదు. అప్పు చేయడమంటే గిట్టనివాడు, నష్టభయం ఉన్న పెట్టుబడి జోలికి పోనివాడు ‘రిస్క్ అవర్స్’. దీని వెనుక ‘టు’ వస్తుంది, కాని ఆ తర్వాత రావలసినది నామవాచకం లేదా ‘ఇంగ్’ చేరిన క్రియ. ఒకప్పుడు ముఖం తిప్పుకోవడం ఒకదాని ‘నుంచి’ కదా అన్న తర్కంతో ‘అవర్స్ ఫ్రమ్’ అనాలని పట్టుబట్టిన పండితులు ఉన్నారు. వాడుక వారి మాట వినలేదు. ఇంకొక సంగతి, ఈ మాట ‘నాట్’తో కలిసి ఎక్కువగా కనిపిస్తుంది. ‘హి ఈజ్ నాట్ అవర్స్ టు ఎ కప్ ఆఫ్ కాఫీ’ అంటే, పోస్తే వద్దనడని అర్థం. దీన్ని ‘అడ్వర్స్’తో కలపకండి. అది ఎదురుగా తిరిగినది, వాతావరణానికీ పరిస్థితులకూ మందుల దుష్ఫలితాలకూ వాడేది. మనిషి ‘అవర్స్’, గాలివాన ‘అడ్వర్స్’.

‘డిసిన్‌క్లైన్డ్’ గురించి ఎక్కువ చెప్పనక్కర లేదు. ‘ఇంక్లీనారె’ అంటే ఒరగడం. మనం ‘మొగ్గు’ అంటామే, సరిగ్గా అదే. తక్కెడ అటు మొగ్గడం లేదు, అంతే. ఇందులో కోపం లేదు, బాధ లేదు, పెనుగులాట లేదు. మర్యాదగా కాదనడానికి ఇది పనికివస్తుంది. లాటిన్‌లోని ఆ ధాతువుకు సంస్కృతంలో చుట్టం ‘శ్రి’. ఒరగడం, ఆనుకోవడం అని దాని అర్థం, మన ‘ఆశ్రయం’ అక్కడి నుంచి వచ్చింది. గ్రీకులో ఒరిగి పడుకునే మంచానికి ‘క్లీనె’ అని పేరు, వీధి చివరి ‘క్లినిక్’ దాని సంతానం.

లాటిన్ నుంచి కాక ఆంగ్లేయుల సొంత ఇంటి నుంచి వచ్చిన మాట ‘లోథ్’. పాత ఆంగ్లంలో దీని అర్థం చాలా కటువైనది: పగగల, ద్వేషించదగిన అని. జర్మన్‌లో దుఃఖానికి ‘లైట్’ అంటారు, ఫ్రెంచిలో వికారమైన దానికి ‘లే’ అంటారు. రెండూ ఈ కుటుంబంలోవే. కాలం గడిచేకొద్దీ ఆంగ్లంలో విశేషణం మెత్తబడి ‘ససేమిరా మనసు రాని’ అన్న అర్థానికి దిగింది, క్రియ మాత్రం పాత కటుత్వాన్ని వదలక ‘అసహ్యించుకోవడం’గానే మిగిలింది. ఇక్కడే చదువుకున్నవారు కూడా జారిపడతారు. విశేషణం రాసేటప్పుడు ఎల్, ఒ, ఎ, టి, హెచ్ అన్న ఐదు అక్షరాలే. క్రియకు చివర ‘ఇ’ చేరుతుంది. పలకడంలో కూడా భేదం ఉంది. విశేషణం చివర ఊపిరి మాత్రమే వదిలే ‘థ’కు దగ్గరి ధ్వని, క్రియ చివర గొంతు మోగే ‘ద’కు దగ్గరి ధ్వని. గొంతు మీద రెండు వేళ్లు ఆనించి రెండింటినీ పలికి చూడండి, రెండోసారి మాత్రమే అదురు తెలుస్తుంది. ‘ఐ యామ్ లోథ్ టు లీవ్ దిస్ హౌస్’ అంటే ఈ ఇల్లు వదలడానికి ప్రాణం ఒప్పడం లేదని. ‘ఐ లోద్ దిస్ హౌస్’ అంటే ఈ ఇల్లంటేనే నాకు రోత అని. ఒక్క అక్షరం అర్థాన్ని తలకిందులు చేస్తుంది.

‘హెజిటంట్’ దగ్గర మరో జాగ్రత్త అవసరం. లాటిన్ ‘హయిరేరె’ అంటే అంటుకోవడం. ‘ఎడ్హీర్’, ‘ఎడ్హీసివ్’, ‘ఇన్‌హెరెంట్’ అన్నీ దాని పిల్లలే. అదే పనిగా అంటుకుపోవడం ‘హయిసితారె’, అడుగు బురదలో దిగి రాకపోవడం, మాట నాలుకకు అంటుకొని నత్తిపోవడం కూడా అదే. అంటే ‘హెజిటంట్’ అయినవాడికి ఇష్టం లేదని చెప్పలేము. అతడికి ఏమి చేయాలో తేలడం లేదు, అంతే. తెలుగులో ‘సంకోచం’ అంటాము, అయితే బొమ్మ వేరు. భౌతికశాస్త్రంలో సంకోచ వ్యాకోచాలు చదివినవారికి సంకోచమంటే ముడుచుకోవడమని తెలుసు. లాటిన్‌వాడు ఇరుక్కుపోయాడు, మనవాడు ముడుచుకున్నాడు. ఇద్దరూ ముందుకు కదలలేదు. ఉద్యోగపు ఇంటర్వ్యూలో జీతం గురించి అడగడానికి మీరు ‘హెజిటంట్’ అయితే, జీతం మీకు వద్దని ఎవరూ అనుకోరు. ‘రిలక్టంట్’ అంటే వేరు.

ఇక పశువుల దగ్గరికి వద్దాం. ఆంగ్ల భాష మొండితనం నేర్చుకున్నది ఎక్కువగా పొలంలోనూ గుర్రపుసాలలోనూ. ‘బాల్క్’ అన్న మాటను కొందరు ‘ల’ మింగి ‘బాక్’ అని కూడా పలుకుతారు. పాత ఆంగ్లంలో ‘బల్క’ అంటే నాగలి తగలకుండా రెండు చాళ్ల నడుమ మిగిలిపోయిన నేల కట్ట. దున్నుతూ దున్నుతూ ఒక కట్టను వదిలి దాటిపోవడం ‘బాల్క్’ చేయడమయింది. అక్కడి నుంచి దాటవేయడం, ఆ తర్వాత ఉన్నపళాన ఆగిపోవడం అన్న అర్థాలు వచ్చాయి. గుర్రం కంచె ముందు ఆగిపోతే ‘బాల్క్డ్’ అంటారు. మా తాతగారి కాడికి ఉన్న దాపటెద్దు పంటకాలువ దగ్గరికి రాగానే చేసే పని నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంటుంది. అప్పటివరకు బాగా నడిచినది ముందరి కాళ్లు రెండూ గట్టులో నాటి, మెడ కొంచెం పక్కకు వంచి, ముక్కుతాడు బిగుసుకున్నా అడుగు వేసేది కాదు. కొట్టినా లాభం లేదు. తాతగారు మేడి వదిలి ముందుకు వచ్చి, గంగడోలు కింద నిమిరి, తాను ముందు నీళ్లలో దిగి నిలబడేవారు. అప్పుడు దిగేది. మనం దాన్ని ‘మొరాయించడం’ అంటాము. ఆంగ్లంలో ‘బాల్క్’ అంటే సరిగ్గా అదే, అందుకే దీని వెనుక ‘ఎట్’ వస్తుంది: ధర విని ఆగిపోయాడు, షరతు చూసి ఆగిపోయాడు. అప్పటివరకు నడుస్తున్నవాడే ఆగాలి. మొదటి నుంచీ కదలనివాడికి ఈ మాట తగదు.

దీనికి పైమెట్టు ‘రికాల్సిట్రంట్’. లాటిన్‌లో ‘కల్క్స్’ అంటే మడమ. మడమ ఎముకను వైద్యులు నేటికీ ‘కాల్కేనియస్’ అంటారు. ‘రెకల్కిత్రారె’ అంటే మడమతో వెనక్కి తన్నడం. మొరాయించిన ఎద్దు నిలబడి ఉంటుంది, ఇది తన్నుతుంది. లాటిన్ బైబిల్‌లో అపొస్తలుల కార్యాలు 26వ అధ్యాయం 14వ వచనంలో ఈ ధాతువు నుంచి వచ్చిన క్రియే ఉంది. తెలుగు బైబిల్ అక్కడ మునికోలలకు ఎదురు తన్నడమని చెప్పింది. మునికోల అంటే కొసన ముల్లు ఉన్న కర్ర, మా వైపు ములుగర్ర అంటారు. ఎదురు తన్నిన కొద్దీ ముల్లు మరింత దిగుతుంది. ఆజ్ఞకు లొంగని ఉద్యోగి, ఎన్నిసార్లు చెప్పినా వినని పిల్లవాడు, ఎంత వైద్యం చేసినా లొంగని వ్యాధి, వీటన్నిటికీ ఈ మాట వాడతారు. మర్యాద చూపవలసిన మనిషి గురించి ఉత్తరంలో రాయకండి, ఇది తీర్పు చెప్పే మాట.

‘గ్రజింగ్’ దగ్గర శరీరంలో కదిలేది నోరు. పాత ఫ్రెంచి ‘గ్రూషియే’ అంటే సణగడం, గొణగడం. చేస్తాడు, ఇస్తాడు, ఒప్పుకుంటాడు, కాని సణుగుతూ. ఇచ్చినదానికి ముందు పెట్టి వాడండి: ‘గ్రజింగ్ అపాలజీ’, ‘గ్రజింగ్ రెస్పెక్ట్’. ‘రిలక్టంట్’ క్షమాపణలో బాధ ఉండవచ్చు, ‘గ్రజింగ్’ క్షమాపణలో గొణుగుడు తప్ప ఏమీ లేదు.

‘డిమర్’ అన్నది నెమ్మదైన మాట. లాటిన్‌లో ‘మొర’ అంటే ఆలస్యం. మొదట ఆగడమని, తర్వాత ‘కాస్త ఆగండి, నాకో అభ్యంతరం ఉంది’ అని అర్థం మారింది. ఈ మాట తెలియదనుకునేవారికి కూడా దీని తోబుట్టువు తెలుసు. రైల్వే గూడ్సు షెడ్డులో సకాలంలో సరుకు దించుకోకపోతే, విశాఖ రేవులో ఓడ అనుకున్న గడువు దాటి నిలిస్తే కట్టే ‘డెమరేజి’ అదే. అప్పు వసూళ్ల మీద ప్రకటించే ‘మారటోరియం’ కూడా అదే ఇంటిది. సభలో అందరూ సరేనన్నప్పుడు ఒకరు మెల్లగా అభ్యంతరం చెబితే, వారు ‘డిమర్డ్’. అరిచి కాదంటే ఆ మాట కుదరదు.

ఇప్పుడు ఒక తప్పు వాడుక గురించి చెప్పాలి. ఈ మధ్య ‘రెటిసెంట్’ అన్న మాటను ‘రిలక్టంట్’కు బదులు వాడేవారు పెరిగారు, ఆంగ్లం మాతృభాషగా గలవారు కూడా. దాని మూలం ‘తకేరె’, మౌనంగా ఉండడం. ‘టాసిట్’, ‘టాసిటర్న్’ కూడా దాని నుంచే వచ్చాయి. మాట్లాడడానికి వెనుకాడితేనే ‘రెటిసెంట్’. వెళ్లడానికి, కొనడానికి, సంతకం పెట్టడానికి ‘రెటిసెంట్’ అనడం నాకు సమ్మతం కాదు. కొన్ని నిఘంటువులు ఒప్పుకున్నా, నేర్చుకుంటున్న మీరు తేడా పాటించండి. పాటించినందువల్ల మీ వాక్యానికి నష్టం లేదు.

చివరిగా నాకు చాలా ఇష్టమైన మాట, ‘విల్లీ–నిల్లీ’. పాత ఆంగ్లంలో ‘విల్’ అన్న క్రియకు ఎదురుగా, ‘నె’ అన్న వ్యతిరేక పదాన్ని దానికే అతికించి ‘నిల్’ అన్న క్రియ చేశారు. విల్ అంటే ఇచ్ఛగించు, నిల్ అంటే ఒల్లకుండు. లాటిన్‌లో కూడా ‘వెల్లె’కు ఎదురుగా ‘నోల్లె’ ఉంది. షేక్స్‌పియర్ ‘హామ్లెట్’ నాటకంలో గోరీ తవ్వేవాడు ‘విల్ హీ, నిల్ హీ’ అంటాడు, అంటే ఇష్టపడినా పడకపోయినా అని. తర్వాత ‘నిల్’ చచ్చిపోయింది, ఈ జంటలో మాత్రం మిగిలింది. ఇప్పుడు చాలామంది దాన్ని ‘ఒక వరసా వావీ లేకుండా’ అన్న అర్థంలో కూడా వాడుతున్నారు.

తెలుగు ఈ పనిని ఇంకా అందంగా చేసింది. ‘వలయు’ అంటే కావాలి, దాన్నే వ్యతిరేకం చేస్తే ‘వలదు’, అది నలిగి నేటి ‘వద్దు’ అయింది. ‘ఒల్లు’ అంటే ఇష్టపడు, ‘ఒల్లను’ అంటే నాకక్కరలేదు. ‘నిల్’ లాగా మన ‘ఒల్లు’ కూడా సొంతకాళ్ల మీద నిలబడలేక, ‘ఒల్లను’, ‘ఒల్లక’ అన్న రూపాల్లోనే ఎక్కువగా బతుకుతున్నది. అయితే ‘వలయు’, ‘వెల్లె’, ‘విల్’ వినడానికి దగ్గరగా ఉన్నాయి కనుక ఒకే మూలమని తొందరపడకండి. ‘విల్’, ‘వెల్లె’ ఒక కుటుంబం, సంస్కృతంలోని ‘వరించు’, ‘వరం’ కూడా అందులోవే. ‘వలయు’ మాత్రం అచ్చ తెలుగు క్రియ, ధ్వని కలవడం కాకతాళీయం. మూలాలు వెతికేవారు ముందుగా అలవరచుకోవలసిన జాగ్రత్త ఇది.

అభ్యాసం: కింది సందర్భాలకు తగిన మాటను ఎన్నుకొని, ఒక్కొక్క ఆంగ్ల వాక్యం రాయండి, పక్కనే ఆ శరీరం ఏం చేస్తున్నదో తెలుగులో ఒక్క ముక్కలో రాయండి. బేరం అంతా కుదిరాక ధరావతు ఎంతో విని ఒక మనిషి ఆగిపోయాడు. అమెరికాలో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్లాలని ఉన్నా, పెరట్లోని చెట్లను వదిలి వెళ్లలేక వెళ్లలేక ఒక తల్లి విమానం ఎక్కింది. ఒక రైతు పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ అప్పు ముఖం చూడలేదు, చూడడు కూడా. తోడికోడలు చేసిన పులిహోర బాగుందని ఒకావిడ గొణుగుతూ ఒప్పుకుంది. తన ఉద్యమపు రోజుల గురించి ఎవరడిగినా ఒక పెద్దాయన పెదవి విప్పరు.

వచ్చే పాఠానికి ఒక ప్రశ్న. మనస్సాక్షి ఒప్పక వెనుకాడడాన్ని ఆంగ్లంలో ‘స్క్రూపుల్’ అంటారు. లాటిన్‌లో ‘స్క్రూపులుస్’ అంటే చిన్న, మొనదేలిన రాయి. పాత మందుల దుకాణాల తూకంలో 20 గ్రెయిన్ల బరువుకూ ఇదే పేరు. రాయి మనస్సాక్షి ఎలా అయిందో ఆలోచించి రండి. ఒక సూచన: చెప్పులో రాయి పడినప్పుడు మీ నడక ఎలా మారుతుందో గమనించండి.